హోం పేజీ నుంచి నా ఫోన్ నెంబరును విడిపించుట గురించి

గౌరవనీయులైన ప్రధాన కార్యదర్శి గారి సముఖమునకు,
సర్వేయర్ల వృత్తి సంఘం, కేంద్ర కార్యాలయం,
రెండో అంతస్తు, లిఫ్టు పక్క గది.

అయ్యా,

విషయం: సంఘం వెబ్‌సైటు మొదటి పేజీ పునర్నిర్మాణం – సదరు పేజీ నడిబొడ్డున ఉన్న నా ఫోన్ నెంబరు తొలగింపు – నా కుమార్తె పురుడు – అత్యవసరంగా పరిగణించుట గురించి.

సూచిక: ఇదే విషయమై లోగడ నేను వెబ్‌సైటులోని 'ఫిర్యాదులు' అన్న మీట నొక్కగా, నా జేబులోని ఫోనే మోగిన సంఘటన.

పై విషయమై తమకు విన్నవించుకొనునది ఏమనగా, నేను ఈ సంఘంలో శాశ్వత సభ్యుడిని, వెబ్‌సైటు పునర్నిర్మాణ ఉపసంఘానికి కన్వీనరును. తమరు నా భార్యకు స్వయానా అన్నగారు. ఈ రెండో అంశాన్ని ఈ అర్జీలో ఎక్కడా వాడుకోబోనని, తమరిని ఆద్యంతం 'అయ్యా' అనే సంబోధిస్తానని ముందుగానే హామీ ఇస్తున్నాను. ఈ హామీకి ఇంట్లో ఆమోదం లభించలేదు. "మా అన్నయ్యకి అర్జీ ఏంటండీ, ఫోన్ చేసి నాలుగు దులపక" అని నా భార్య అభిప్రాయం. ఫోన్ ఖాళీగా లేనందున కాగితాన్నే ఆశ్రయించవలసి వచ్చింది.

1. నెంబరు పుట్టుపూర్వోత్తరాలు. సంఘానికి వెబ్‌సైటు ఉండాలని తీర్మానించిన రోజున, తెల్లటి ఖాళీ పేజీ మీద అక్షరాలు కనబడతాయో లేదో చూడటానికి ఏదో ఒకటి వేయవలసి వచ్చింది. తమరు నా వైపు చూసి, "ప్రస్తుతానికి నీ నెంబరు పడేద్దాం బావా, రేపు తీసేద్దాం" అని సెలవిచ్చారు. నేను తల ఊపాను. ఆ తల ఊపుడు మినిట్సులో 'ఏకగ్రీవ ఆమోదం'గా నమోదైంది.

మరునాడు సంఘంలోని కమిటీలన్నీ పేజీలో తమకూ జాగా కావాలని వచ్చాయి. వేరే వృత్తుల వాళ్ళైతే ఎవరికి ఏది ముఖ్యమో మాట్లాడుకుని ఉండేవారు. మనం సర్వేయర్లం. జాగా అన్న మాట చెవిన పడగానే కొలతలు మొదలుపెట్టాం. కొలతలకు ఒక స్థిరబిందువు కావాలి; దేన్ని కొలిచినా అక్కణ్ణించే కొలవాలి, అది మాత్రం కదలకూడదు. అప్పటికి పేజీ మీద ఉన్నది నా నెంబరు ఒక్కటే. కనుక నెంబరుకు ఉత్తరాన అధ్యక్షుల వారి సందేశం, దక్షిణాన సంతాప విభాగం, తూర్పున శిక్షణ తరగతులు, పడమర పాత పరికరాల క్రయవిక్రయాలు అని హద్దులు నిర్ణయించి, పటం గీసి, అందరూ సంతకాలు పెట్టారు. ఆ పటం ఫ్రేము కట్టించి, మంచినీళ్ళ ఫిల్టరు పైన వేలాడదీసి ఉన్న సంగతి తమకు తెలిసినదే. నెంబరు కదిపితే అందరి హద్దులూ కదులుతాయి గనుక, నెంబరు కదపరాదని నియమం ఏర్పడింది. ఆ విధంగా నేను తల ఊపినవాణ్ణి తల ఊపినట్టే రాయినై పాతుకుపోయాను.

2. పేజీ ప్రస్తుత స్థితి. తదుపరి ఏర్పడిన కమిటీలన్నీ మిగిలిన సందుల్లో ఇళ్ళు కట్టుకున్నాయి. సంక్షేమ కమిటీ పెట్టె ఎర్రగా మెరుస్తుంది. అది మెరిసినందుకు క్రీడా కమిటీ తన పెట్టెను పచ్చగా మెరిపిస్తుంది. అధ్యక్షుల వారి సందేశం ముగ్గురు అధ్యక్షుల వెనకటిది. ఆయన పదవిలో లేరు గాని జాగా ఆయనదే. 'సభ్యత్వ పునరుద్ధరణ' అనే మీట, అనగా సభ్యులు వెబ్‌సైటుకు వచ్చేదే దేనికోసమో ఆ మీట, నాలుగు వైపులా పరుల జాగాల నడుమ చిక్కుకుపోయి దారి లేక ఉండిపోయింది. చట్టప్రకారం దారి లేని జాగాకు పొరుగువారు దారి వదలాలి. సంతాప కమిటీ వారు పెద్ద మనసు చేసుకుని తమ పేజీలోంచి దారి ఇచ్చారు. అప్పటినుంచీ సభ్యత్వం కొనసాగించదలచిన ప్రతి సభ్యుడూ కాలం చేసిన సభ్యులందరి ఫోటోలనూ దాటుకుంటూ, చిట్టచివరి ఫోటో కింద ఉన్న చిన్న బాణం గుర్తు నొక్కి, బతికున్నవాళ్ళ పేజీకి చేరుకుంటున్నాడు.

ఈ దారి ఎవరికీ దానంతట అది తెలియదు. తెలియనివారికి పేజీ మధ్యలో, అన్నిటికంటే పెద్ద అక్షరాల్లో, ఒక ఫోన్ నెంబరు కనిపిస్తుంది.

3. తిరుగు పట్టీ. పేజీ పై అంచున ఒక పట్టీ ఎడమవైపుకు తిరుగుతూ ఉంటుంది. సందర్శకుల పెట్టెలో ఎవరు ఏది రాసినా, ఎవరి అనుమతీ లేకుండా ఆ పట్టీలోకి ఎక్కుతుందని, ఇందువల్ల సంఘంలో చైతన్యం వెల్లివిరుస్తుందని ప్రచార కమిటీ అప్పట్లో వాదించింది. ఇంతవరకు వెల్లివిరిసినది ఒకే ఒక్క వాక్యం: "సర్వసభ్య సమావేశంలో నా గొడుగు మరిచిపోయాను, నల్లది, పిడి వంకర, దొరికినవారు తెలుపగలరు." గొడుగు ఆ వారమే దొరికింది. సొంతదారు దాన్ని ఇంటికి తీసుకెళ్ళాడు, మళ్ళీ ఇంకెక్కడో పోగొట్టుకున్నాడని కూడా వినికిడి. వాక్యం మాత్రం తిరుగుతూనే ఉంది. పేజీకెక్కినది ఏదీ, దాని హద్దుదారులందరూ ఎదురుగా నిలబడి సంతకం చేస్తే తప్ప, తీయరాదని నియమం. తిరిగే వాక్యానికి హద్దుదారులు ఎవరో తేలలేదు.

(ఇక్కడ ఫోన్ మోగినందున రాత ఆపవలసి వచ్చింది. అల్లుడేమోనని ఎత్తాను. తన ఫోటోలో మీసం ఉందని, ఇప్పుడు మీసం లేదని, ఏ మీట నొక్కాలని ఒక సభ్యుడు. ఒక చెవి ఫోన్‌కే అప్పగించి రాస్తున్నందున, ఈ పేజీలో దస్తూరి మారినట్టుంటే మన్నించగలరు.)

4. గృహ పరిస్థితి. నా కుమార్తెకు నెలలు నిండాయి. ఆమె కాపురం ఉన్న ఊరు ఇక్కడికి అర్ధరోజు ప్రయాణం. నా భార్య బడిలో ఉపాధ్యాయురాలు. ఉన్న కాస్త సెలవునూ బిడ్డ పుట్టాక వాడుకోవాలని తల్లీకూతుళ్ళు ఒప్పందం చేసుకున్నారు. నొప్పులు మొదలైతే అల్లుడు ఫోన్ చేస్తాడు. వెంటనే మేము బయలుదేరుతాం. సంచి సర్ది, చెప్పుల స్టాండు పక్కన పెట్టి ఉంది. ఏర్పాటులో లోపమేమీ లేదు, ఫోన్ తప్ప.

నా ఫోన్ ఎప్పుడు చేసినా వేరే కాల్‌లో ఉంటుంది. నా భార్య ఫోన్‌కు చేయవచ్చు గదా అని తమరికి సందేహం కలగవచ్చు. సెలవు రోజుల్లో నేను ఫోన్ ఇంట్లో వదిలి పొలాల్లో కొలతలకు వెళ్ళినప్పుడు ఆవిడ నా ఫోన్ ఎత్తి సభ్యులకు దారి చెప్పేది. నాకంటే బాగా చెబుతోందని సభ్యుల్లో పేరొచ్చింది. తమరు సంతోషించి, సొంత చెల్లెలి నెంబరు కూడా నా నెంబరు కింద 'సహాయ కేంద్రం' అని వేయించారు. అడగలేదు. అడగవలసిన అవసరం లేనంత దగ్గరి బంధువులన్న ధీమాతో కాబోలు. (బంధుత్వం ఎత్తనన్న హామీ గుర్తున్నది. ఈ వాక్యాన్ని లెక్కలోకి తీసుకోవద్దని మనవి.)

ఇప్పుడు మా ఇంట్లో సాయంత్రాలు ఇలా గడుస్తాయి. ఆవిడ కూర తరుగుతూ, ఫోన్ భుజానికీ చెవికీ మధ్య నొక్కిపెట్టి, "ఎర్రగా మెరిసేదాన్ని ముట్టుకోకండి అన్నయ్యగారూ, దాన్ని దాటి కిందికి రండి. పోయినవాళ్ళు కనిపించారా? ఆ, వాళ్ళ మధ్యలోంచే నడవండి, భయం లేదు" అంటూ ఉంటుంది. అవతల గదిలో నేను మరొకరిని అవే ఫోటోల మీదుగా నడిపిస్తుంటాను. మెసేజీ పంపవచ్చు గదా అన్న సందేహానికి సమాధానం: సభ్యులు తాము ఎక్కడ తప్పిపోయారో తెలియజేయడానికి తమ స్క్రీన్ ఫోటోలు తీసి పంపుతారు. ఆ వరదలో అల్లుడి మెసేజీ కొట్టుకుపోతుంది. నెంబరు మార్చుకోవచ్చు గదా అంటే, నేను కొలిచిన ప్రతి భూమి పటం మీదా అదే నెంబరు ముద్ర వేసి ఉంది. నా జీవనం కూడా దానిమీదే ఆధారపడి ఉన్నదని మనవి.

5. క్రిందటి వారపు సంఘటన. ఈ అంశాన్ని వివరంగా రాయాలని కూర్చుని రెండు కాగితాలు చింపాను. క్లుప్తంగా రాస్తున్నాను. క్రిందటి వారం మా అమ్మాయికి నొప్పులు వచ్చాయి. అల్లుడు డ్యూటీలో ఉన్నాడు. అమ్మాయి నాకు చేసింది. నేను ఒక సభ్యుణ్ణి శిక్షణ తరగతుల్లోంచి బయటికి తెస్తున్నాను. వాళ్ళమ్మకు చేసింది. వాళ్ళమ్మ సంతాపాల్లో ఉంది. పక్కింటావిడ ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళింది. అవి అసలు నొప్పులు కావని డాక్టరమ్మ వెనక్కి పంపించింది. మరునాడు అమ్మాయి ఫోన్‌లో, "ఏం లేదులే నాన్నా. లైను దొరకలేదు, అంతే. నీ పని నీకుంటుందిగా" అంది.

కోప్పడి ఉంటే దానికి జవాబు నా దగ్గర ఉంది. ఆమె కోప్పడలేదు. అప్పటినుంచి నాకు కుర్చీలో కూర్చోబుద్ధి కావడం లేదు, లేచి తిరగబుద్ధీ కావడం లేదు. ఫోన్ మోగితే ఉలిక్కిపడుతున్నాను, మోగకపోతే తీసి చూస్తున్నాను. కొలతకు వెళ్తే ధ్యాసంతా జేబులోని ఫోన్ మీదే ఉండి పొలం గట్టు పొరుగువాడి పొలంలోకి జరుగుతోంది. ఈ విషయం వృత్తి గౌరవానికి సంబంధించినది కనుక గోప్యంగా ఉంచవలసినదిగా ప్రార్థన.

6. పునర్నిర్మాణ యత్నం, దాని పర్యవసానం. ఉపసంఘం తరఫున నేను ఒక డిజైనరు అమ్మాయిని సంప్రదించిన సంగతి తమరెరుగుదురు. ఆ అమ్మాయి మొదటి సమావేశంలో ఒకే ప్రశ్న అడిగింది: "ఈ పేజీకి ఎవరొస్తారండీ? దేనికోసం వస్తారు?" కమిటీల వారందరూ ఎజెండా కాగితం తిరగేసి వెతికారు. అన్నేళ్ళలో ఆ ప్రశ్న ఎజెండాలోకి రాలేదు. ఆమె వెళ్ళి, తెల్లటి పేజీ చేసుకొచ్చింది. పైన సర్వేయరును వెతుక్కునే గడి ఒకటి. కింద సభ్యత్వ పునరుద్ధరణ. దాని పక్కన శిక్షణ. మిగతావన్నీ ఒక తలుపు వెనక, కావలసినవారు తీసుకుని చూసుకునేలా. ఫోన్ నెంబరు లేదు. ఆ పేజీని తెర మీద చూసినప్పుడు, చాలాకాలం తర్వాత ఎవరో నా ఛాతీ మీదినుంచి బరువు తీసినట్టయింది.

అందరూ మెచ్చుకున్నారు. పేజీ ఇలాగే ఉండాలని, తమ పెట్టె ఒక్కటీ ఎక్కడున్నది అక్కడే ఉంచితే చాలని ప్రతి కమిటీ వేర్వేరుగా ప్రకటించింది. పిమ్మట మన సంఘంలో అందరికంటే పెద్దవాడు, గొలుసుతో భూమి కొలిచిన కాలంవాడు అయిన గొలుసు బాబాయి లేచి, టేపు తీసి, గోడమీది తెరను కొలిచాడు. తరువాత ల్యాప్‌టాప్‌ను కొలిచాడు. రెండు కొలతలూ కలవలేదు. "ఒకే పేజీ ఇక్కడొకంత, అక్కడొకంత ఎట్లా ఉంటుందమ్మా? ఇందులో అసలు ఏది?" అని అడిగాడు. డిజైనరు అమ్మాయి ఓపికగా తన ఫోన్ తీసి, ఫోన్‌లో అయితే పెట్టెలు పక్కపక్కన ఉండవని, ఒకదాని కింద ఒకటి దొంతరగా ఉంటాయని చూపించింది. అది ఆమె చేసిన పొరపాటు. ఎవరు పైన ఉంటారన్న సమస్య ఆ క్షణాన పుట్టింది. కింది అంతస్తుకు ఎవరూ ఒప్పుకోలేదు. నెంబరు తీసేస్తే కొలత ఎక్కణ్ణించి మొదలుపెట్టాలన్న ప్రశ్న కూడా వచ్చింది. తెరల కొలతలన్నీ సరిపోల్చి నివేదిక వచ్చేవరకు యథాస్థితి కొనసాగించాలని తీర్మానించి, టీ తాగి లేచారు. తమరు కూడా చెయ్యెత్తారు.

వెళ్ళిపోతూ ఆ అమ్మాయి మెట్ల దగ్గర నాతో, "బాబాయిగారూ, మీవాళ్ళు దీన్ని పేజీ అనుకోవట్లేదు, పొలం అనుకుంటున్నారు" అంది. నేను సంఘం తరఫున ఆ అభిప్రాయాన్ని ఖండించలేకపోయాను.

కావున తమరు దయతో పై అంశాలను పరిశీలించి, (అ) నా నెంబరునూ, నా భార్య నెంబరునూ తక్షణం పేజీ నుంచి తొలగించవలెనని; (ఆ) స్థిరబిందువు లేనిదే గడవదని కమిటీలు పట్టుబట్టిన యెడల, నా నెంబరు ఉన్నచోట కార్యాలయం నెంబరు, ఆ ఫోన్ తమరి బల్ల మీదే ఉన్నదని గుర్తుచేయుచూ, వేయించవలెనని; (ఇ) డిజైనరు అమ్మాయి చేసిన పేజీని అమల్లోకి తేవలెనని; (ఈ) పేజీ మీద పాత సరుకు ఏదైనా సరే, ఎవరిదైనా సరే, ఏ హద్దుతోనూ, ఏ బంధుత్వంతోనూ, ఏ మొహమాటంతోనూ నిమిత్తం లేకుండా ఊడ్చివేయవలెనని ప్రార్థిస్తున్నాను. ముఖ్యంగా (ఈ)లో ఎవరికీ ఏ మినహాయింపూ ఇవ్వరాదని నొక్కి చెబుతున్నాను. ఒక్కరికి ఇస్తే మళ్ళీ మొదటికొస్తాం.

ఏ బొమ్మా మధ్యలో మెరవని ఈ తెల్ల కాగితాన్ని తమరు ఒక్క చూపులో, పై నుంచి కిందికి చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
కదలడానికి సంసిద్ధంగా ఉన్న
సంఘ స్థిరబిందువు.

తా.క. బావా, కవరు అంటించి మళ్ళీ చింపాను.

ఇందాక మీ చెల్లెలి ఫోన్ మోగింది. గొలుసు బాబాయి. రోజూ పొద్దున్నే పేజీ తెరిచి అన్నీ చదువుతాడుగా, మార్పేమైనా జరిగిందేమోనని. "అమ్మాయ్, పైన పట్టీలో కొత్త లైను పడింది. గొడుగు వెనకాల. నీకేనేమో చూడు" అన్నాడు. మీ చెల్లెలు ఫోన్ నాకిచ్చింది. "చదువు బాబాయ్" అన్నాను. "ఉండరా, గొడుగు పోనీ" అన్నాడు. గొడుగు పోయేదాకా ఇద్దరం నిలబడ్డాం. అప్పుడు చదివాడు.

"పాప పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం. మామయ్యగారి లైనూ అత్తయ్యగారి లైనూ దొరకలేదు. ఈ పేజీ చూసినవాళ్ళు దయచేసి వాళ్ళకు చెప్పండి."

అల్లుడు ఆసుపత్రి వరండాలో నిలబడి, మా ఇద్దరికీ చేసి చేసి, చివరికి సందర్శకుల పెట్టెలో రాసినట్టున్నాడు. అంత మెరుపుల్లో అది ఎక్కడుందో ఎట్లా కనిపెట్టాడో. పాపం మనవాళ్ళు చూశారు బావా, చూసి చెప్పాలని ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు ఫోన్ చేస్తూనే ఉన్నారు. మీసం తీసేసినాయన కూడా చేశాడు. అందుకే అమ్మాయికి ఇంకా చెయ్యలేకపోయాం. కింద ఆటో ఆగింది, ఈ కవరు దారిలో మీ ఆఫీసు గేటు దగ్గర ఇచ్చి బయలుదేరుతున్నాం. నువ్వు నీ బల్ల దగ్గరున్న ఫోన్ నుంచి అమ్మాయికి చెయ్యి. మేము దారిలో ఉన్నామని చెప్పు. నాన్న లైను ఇక దొరుకుతుందని కూడా చెప్పు, మాట నిలబెట్టడం నీ వంతు.

అర్జీ అర్జీయే. పేజీ అంతా ఊడ్చెయ్యి, నా నెంబరు మొదలుకొని. కాని ఆ ఒక్క లైనూ ఉండనీ. మినహాయింపు అడుగుతున్నానని నాకు తెలుసు, (ఈ)లో ఏం రాశానో కూడా తెలుసు. కావాలంటే సభలో చదివి నవ్వించు. హద్దులు రాసిస్తున్నాను: ముందు గొడుగు, వెనక ఖాళీ, పైనా కిందా ఎవరిదీ కాదు. హద్దుదారులు ఎవరైనా అడ్డం చెబితే పాప మేనతాతవి నువ్వే ఉన్నావు, సంతకం పెట్టు.

గొడుగు కూడా తియ్యొద్దు. మీ చెల్లెలు ఫోన్ ముఖం ముందు పెట్టుకుని, ఆ పట్టీనే చూస్తూ మెట్లు దిగుతోంది, గొడుగు వెళ్ళాక పాప వస్తుందని అప్పుడే అలవాటైపోయింది.